అన్నము తిన్న రెండు గంటలకు

చక్కెర వ్యాధిగలవారిలో అనేకులు పరగడుపున మాత్రమే నెత్తురు పరీక్ష చేయించుకొందురు. కాగితముమీద అంకె మంచిదైతే నెమ్మది పొంది ఇంటికి వచ్చి అన్నము తిందురు. ఆ అన్నము లోనికి పోయిన తరువాత ఏమి జరుగుచున్నదో వారెన్నడును చూడరు. మనము దినమునకు మూడు పూటలు తినువారము. తిన్న ప్రతిసారి కొన్ని గంటలవరకు ఆ భోజనము నెత్తురులో పని చేయుచునే యుండును. అనగా మెలకువగానుండు కాలములో ఎక్కువ భాగము మనము తిన్న తరువాతి స్థితిలోనే బ్రదుకుచున్నాము. పరగడుపు లెక్క తెల్లవారుజాము సంగతి చెప్పును. మిగిలిన దినము సంగతి దానికి తెలియదు.

నేను పాలకుర్తివాడను. మా ఊరు మునుపు వరంగల్లు జిల్లాలోనిది, 2016 నుండి జనగామ జిల్లాలోనిది. మా అన్నయు నేనును ఒకే వాకిట రెండు ఇండ్లలో నుందుము. ఇద్దరికిని ఈ వ్యాధి కలదు. మా అమ్మకును ఉండెను. అన్న బడికి పోయినది తక్కువ గాని మాట తప్పని మనిషి. డాక్టరు వ్రాసిన మాత్ర ఒక్కటియు విడువలేదు. అయితే పరీక్షకు పోవు దినమునకు ముందటి రాత్రి మాత్రము ఒక గ్లాసెడు మజ్జిగ త్రాగి పండుకొనెడివాడు. ఎందుకన్నా అని నేనడిగితిని.

“పొద్దుగాల నంబరు మంచిగ రావాలె గద తమ్మీ. డాక్టరు కోపం జేస్తడు” అనెను.

నంబరు మంచిగనే వచ్చెను. 118, 124, మరల 118. మూడేండ్లు ఇట్లే గడచెను. ఆ మూడేండ్లలోనే ఆయన అరికాళ్లు మొదట మిరపకాయ రాచినట్లు మండి, తరువాత మండుట మాని, కడకు ఏమియు తెలియనివాయెను. మంట తగ్గినదని ఆయన సంతోషించెను. ఒక వానకాలము పొలములో తుమ్మముల్లు ఎడమకాలి వ్రేలి క్రింద దిగెను. నొప్పి లేదు గనుక నాలుగు దినములు దానిమీదనే నడిచెను. చెప్పు తడిసి వాసన వచ్చినప్పుడు వదినె చూచెను. ఆసుపత్రిలో రెండు వ్రేళ్లు తీసివేసిరి. అక్కడ ఉన్న దినములలో ఒకనాడు ఉదయము ఆయన షుగరు 126. మధ్యాహ్నము అన్నము పప్పు తిన్న రెండు గంటలకు 312. ఒకే మనిషి, ఒకే దినము.

ఇది ఎట్లు సాధ్యమని నేను ఆ డాక్టరుగారిని అడిగితిని. ఆయన ఓపికతో చెప్పిన మాటలు ఇవి. అన్నము, రొట్టె, గట్క, ఏదైనను కడుపులో కరగి చక్కెరయై నెత్తురులో కలియును. ఆరోగ్యవంతునికి మొదటి ముద్ద దిగగానే క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుచును. ఈ వ్యాధిలో మొదట చెడునది ఎక్కువగా ఆ తొందరపాటు శక్తియే. రాత్రియంతయు మెల్లమెల్లగా పని చేయుటకు క్లోమమునకు బలము మిగిలి యుండవచ్చును. ఒక్కసారిగా వచ్చిపడిన పళ్లెమెడు అన్నమును అందుకొనుటకు చాలదు. కాబట్టి ప్రాతఃకాలపు అంకె మంచిదై, మధ్యాహ్నపు అంకె చెడ్డదై యుండవచ్చును. కొందరిలో దీనికి మారుగా తెల్లవారుజామున కాలేయమే చక్కెరను విడిచి పరగడుపు అంకెను పెంచును. మూడు నెలల సగటు చూపు పరీక్ష ఒకటి కలదు. అది మంచిది, అవసరము. అయితే తప్పు ఏ పూటదో అది చెప్పలేదు.

మా అమ్మ కాలములో ఈ సౌకర్యము లేదు. ఆసుపత్రిలో పరీక్షనాళికలో నీలిరంగు మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రము వేసి, సారాయి దీపముమీద కాచెడివారు. నీలముగానే నిలిచిన చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, కడకు ఇటుక ఎరుపు వచ్చిన కొలది చక్కెర ఎక్కువ. అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన మందు అది. ఆ రంగులు నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నవి. కాని సామాన్యముగా నెత్తురులో 180 దాటినగాని చక్కెర మూత్రములోనికి దిగదు. నీలిరంగు చూచి అమ్మ సంతోషించిన దినములలో ఎన్ని నిజముగా మంచి దినములో ఎవరికి తెలియును? ఇప్పుడు అరచేతిలో పట్టు మీటరు ఒక్క చుక్క నెత్తురుతో కొన్ని సెకండ్లలో అంకె చెప్పుచున్నది.

ఇక పరీక్ష చేయు విధము. రెండు గంటలను చేయి కడుగుకొన్నప్పటినుండి కాదు, మొదటి ముద్ద నోట పెట్టుకొన్నప్పటినుండి లెక్కించవలెను. మా ఊరిలో పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడనే పొరపాటు పడుదురు. ప్రతిదినము తినునదే, తినునంతయే తినవలెను. మాత్రగాని ఇన్సులిన్‌గాని ఎప్పటివలె తీసికొనవలెను. పరీక్ష ఉన్నదని రెండిడ్లీలతో సరిపెట్టుకొనినవాడు మీటరును గాదు, తన్నుతానే మోసపుచ్చుకొనుచున్నాడు. చేతులు సబ్బుతో కడిగి ఆరనియ్యవలెను. మామిడిపండు తిన్న వ్రేలితో పరీక్షించితే ఆ పండు తీపియే అంకెలో కనబడును! వ్రేలి కొన నడుమ కాక ప్రక్కన పొడిచిన నొప్పి తక్కువ. మీటరు మంచిదైనను నూటికి పదునైదు వంతుల వరకు అటునిటు చూపవచ్చును, గనుక 172కు 181కి నడుమ ఏడ్వనక్కరలేదు. పెద్దవారికి సామాన్యముగా పరగడుపున 80 నుండి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. వృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి ఆ హద్దును వారి డాక్టరే నిర్ణయించును.

మా ప్రాంతములో మా తాతలు జొన్నగట్క, మక్కగట్క, అంబలి త్రాగి పొలమునకు పోయిరి. వరి అన్నము పండుగనాటి మాట. 1983లో కిలో బియ్యము రెండు రూపాయలకు వచ్చిన తరువాత మూడు పూటలు తెల్లని అన్నమే ఆయెను. 2025 నుండి రేషనులో సన్నబియ్యమే ఇచ్చుచున్నారు. ఆకలి తీరుట చిన్న మేలు కాదు. ఆ మేలును నేను తక్కువ చేసి మాటలాడను. కాని పనులు తగ్గినవి, పళ్లెములో కుప్ప తగ్గలేదు. “జొన్న తింటే షుగరు రాదు” అని మరికొందరు గట్కను ఇష్టము వచ్చినంత తిందురు. అదియు నిజము కాదని నా వ్రేలే నాకు చెప్పినది. రెండు పెద్ద ముద్దల గట్క పచ్చిపులుసుతో తిన్న దినము నాకు 226; ఒక్క జొన్నరొట్టె, దండిగా చిక్కుడుకాయ కూర, పప్పు తిన్న దినము 158. ధాన్యము పేరు కాదు, కొలతయు తోడుగానున్న కూరయు లెక్కలోనికి వచ్చినవి.

అన్న ఆసుపత్రినుండి వచ్చిన తరువాత మేమొక రూళ్ల పుస్తకము పెట్టితిమి. స్ట్రిప్పులు ఖరీదైనవి, కూలి చేసికొనువారికి దినదినము సాధ్యము కాదు. కాబట్టి వారమునకు ఒకటి రెండు పర్యాయములు, ఏదో ఒక పూట తినుటకు ముందొకసారి, రెండు గంటలకు మరియొకసారి చూచి, రెండంకెలను ప్రక్కప్రక్కన, తిన్నది ఏమో దాని క్రింద వ్రాసితిమి. ఈ వారము మధ్యాహ్నము, వచ్చే వారము రాత్రి. నెలకొకసారి ఆ పుస్తకము డాక్టరుగారికి చూపితిమి. ఆయన దానిని చూచి మందు మార్చెను. మందును మనంతట మనమే పెంచుట తగ్గించుట అపాయకరము.

శ్రమకాలములో ఉపవాసముండు సహోదరీ సహోదరులకు ఒక మాట. ఇన్సులిన్‌గాని కొన్ని రకముల మాత్రలుగాని వాడుచు భోజనము మానిన యెడల షుగరు మిక్కిలి పడిపోవును. చెమట, వణుకు, కన్ను చీకట్లు వచ్చి మీటరు 70కి తక్కువ చూపితే ఉపవాసమని చూడక నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే త్రాగవలెను. పదునైదు నిమిషములకు మరల చూడవలెను. ఉపవాసమునకు ముందే డాక్టరును అడుగుట మేలు. గర్భిణులకు వేరే పరీక్ష కలదు: తిని వచ్చినను తినక వచ్చినను 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటలకు చూచి, 140 లేక అంతకు మించినచో చికిత్స ఆరంభింతురు. ఆ వచ్చిన బిడ్డలను “రేపు పరగడుపున రా” అని త్రిప్పి పంపనక్కరలేదు.

గడచిన క్రిస్మసునాడు ఆరాధన తరువాత గుడి వాకిట అందరికి విందు జరిగెను. అన్న మొదట పప్పు, కూర, మాంసము తిని, కడను ఒక్క గరిటెడు బగారన్నము తిని, కర్ర పట్టుకొని గుడి చుట్టు పావుగంట తిరిగెను. రెండు గంటలు కాగానే సంచిలోనుండి మీటరు తీసెను. 174.

“సూడుండ్రి, బగారన్నం గూడ తిన్న” అని అందరికి చూపెను.

అది చూచి మరి పదిమంది వ్రేళ్లు చాపిరి. ఒక్కొక్కరికి క్రొత్త సూది, క్రొత్త స్ట్రిప్పు. నేను డబ్బీ అంతయు ఖాళీ చేసితిని. ఇద్దరికి 250 దాటినది. వారికి అంతవరకు వ్యాధి యున్నదనియే తెలియదు. వారిలో ఒకరు ఆనాడు విందు వండిన అక్కయే. మసి చేయి కొంగునకు తుడుచుకొనుచు, “నాకా? నేను తీపి ముట్టనే ముట్టగదా తమ్మీ” అనెను. మరునాడు ఉదయమే మా వాడ ఆశ కార్యకర్త ఆ ఇద్దరిని ప్రభుత్వాసుపత్రికి తోడుకొనిపోయి పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి మరల పరీక్ష చేయించెను. అక్క పరగడుపు అంకె 121.