సలిమంట కాడ రహీం సాబ్ ముచ్చట

రండి, కుంపటి దగ్గరికి జరగండి. సంక్రాంతి దాకా మా బొగ్గుబాయిల ఊరు నస్పూర్‌లో సలి వణికిస్తుంది. సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు చుట్టూ చేరితే ముచ్చట్లకు కొదవేముంటుంది? మొన్న రాత్రి పక్క క్వార్టర్ పిల్లగాడు, ఇంటర్ చదువుతున్నాడు, చేతులు కాచుకుంటూ అడిగాడు: "పెద్దనాన్నా, బాయి పని చేసినోళ్లెవరన్నా పెద్ద ఫుట్‌బాల్ ఆటగాళ్లు అయిండ్రా?"

అయిండు బిడ్డా, అన్నాను. పేరు జార్జ్ క్యామ్సెల్. ఇంగ్లండ్‌లోని డర్హమ్ బొగ్గు ప్రాంతంలో 1902లో పుట్టాడు. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషే. 1926-27లో మిడిల్స్‌బ్రో జట్టుకు ఆడి, రెండో డివిజన్ లీగులో 37 మ్యాచుల్లో 59 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడే ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ మొదటి డివిజన్‌లో 60 కొట్టాడు. ఇప్పుడు అందరి నోటా డీన్ పేరే. ఆ ఒక్క గోలు తలుచుకుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. క్యామ్సెల్ దేశం తరఫున ఆడింది 9 మ్యాచులు, వేసింది 18 గోల్స్. ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 8 పౌండ్లకు మించి ఇవ్వకూడదని అప్పటి అక్కడి నియమం. తక్కువే, కానీ ఆటతో ఇల్లు గడిచేది.

"మరి మన దిక్కు?"

మన దిక్కు ఆటకు జీతం ఎక్కడిది! 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, ఫుట్‌బాల్ ఆడి, బడిపంతులయ్యాడు. అందరికీ రహీం సాబ్. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది.

పంతులు పంతులే. ఆయన పెట్టించిన పోటీలు చూడండి. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలు వాటమైనవాడికి బంతి వస్తుంది, కుడికాలు తనంతట తనే లేస్తుంది, దాన్ని ఆపుకొని ఎడమకాలితో తన్నాలి. మొదట బంతి ఎటో పోతుంది. నలుగురూ నవ్వుతారు. పది రోజులకు కాలు మాట వింటుంది. ఇంకో పోటీ పొట్టిపిల్లలకు మాత్రమే. పొడుగువాళ్ల మధ్య వాళ్లకు బంతి దొరకదు కదా! ఈ సంగతి చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వెనకబెంచీ పిల్లవాడిని ముందుకు పిలిచే పంతులు మాత్రమే చేయగల పని అది.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టేవాడితో ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడట. రహీం సాబ్ కన్ను వాడి మీద పడింది, ప్రాక్టీసుకు రమ్మన్నాడు. అంతదూరం రోజూ ఎట్లా వస్తాడు? సైకిల్ కిరాయికి పైసలు రహీం సాబే ఇచ్చాడు. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు.

ఇక 1962 జకార్తా. మన దేశ జట్టుకు శిక్షణ ఇచ్చింది రహీం సాబే, ఆయనకు అప్పటికే క్యాన్సర్. ఆసియా క్రీడల ఫైనల్లో ఎదురుగా దక్షిణ కొరియా, స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో నిలబెట్టాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారు పతకం మనది. మరుసటి జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశాడు.

పిల్లగాడు చాలాసేపు మాట్లాడలేదు. కుంపట్లో బొగ్గు తెల్లబడింది. "పెద్దనాన్నా, ఎడమకాలితోనే ఆడాల్నా?" అన్నాడు.

"ఆడి చూడు."

తెల్లారి పాల ప్యాకెట్‌కు పోతుంటే క్వార్టర్ల వెనక జాగాలో కనిపించాడు. మంచు ఇంకా విడవలేదు. ఒక్కడే, ప్రహరీ గోడకేసి బంతి కొడుతున్నాడు, ఎడమకాలితో.