ఇంటి అక్షరము, బడి అక్షరము

గుడిబండె నుండి బయలుదేరి మేము సకుటుంబముగా నాగార్జునకొండను దర్శించితిమి. 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట వలన ఇక్ష్వాకుల విజయపురి జలగర్భమున మునిగినది, కొండశిఖరము ద్వీపమైనది. కొన్ని కట్టడములను ముందుగానే పైకి తెచ్చి తిరిగి నిలిపిరి. లాంచీలో పోయి వానిని చూచితిమి.

జపాను దేశమందలి షికోకు ద్వీపమున 88 ఆలయముల యాత్ర చేయువారు కోబో దైషిని స్మరింతురు. ఆయన షింగన్ సంప్రదాయము నాగార్జునాచార్యుని తన పరమగురువులలో నొకనిగా కొలుచును. ఆ ఆచార్యుని పేరనే ఈ కొండ వెలసినది. బోధిసిరి అను ఉపాసిక ఇచ్చట సింహళ ఆచార్యులకై చైత్యగృహము కట్టించెను. ఆమె శాసనమున కాశ్మీర, గాంధార, చీన దేశములతో పాటు మన కన్నడసీమలోని వనవాసి పేరును కలదు.

మా అబ్బాయి బడిలో కన్నడము చదువుకొనువాడు. తెలుగు పలకలను కన్నడలిపి పోలికతో కూడబలుక్కొనుచు వచ్చి, వస్తుప్రదర్శనశాలలో ఒక బ్రాహ్మీ శాసనము ముందు నిలిచిపోయెను.

“నాయనా, ఇది ఇంటి అక్షరమా, బడి అక్షరమా?”

“రెంటికిని తల్లిరా” అంటిమి. కాని ఇంటి అక్షరమును వానికి మేమే నేర్పలేదని సిగ్గుపడితిమి. మరలి వచ్చిన నాటి నుండి, రాత్రి భోజనమైన పిమ్మట వానిచేత పలక పట్టించుచున్నాము. మన సంఘమువారి ప్రతి యింటను ఇట్లే జరుగుగాక.