ఆరు పుస్తకాలూ, నా తూనికరాళ్ళూ

2025 సంవత్సరపు అంతర్జాతీయ బుకర్ బహుమతికి తుది జాబితాలో నిలిచిన ఆరు పుస్తకాలనూ సెలవుల్లో వరుసబెట్టి చదివాను. ఇట్లా చదవటంలో ఒక చిక్కు వుంది. ఏ పుస్తకాన్నీ దానికదిగా చదవం. పక్కదానితో తూచి చదువుతాం. తూనికరాళ్ళు ఎక్కడివో అడగటం మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను.

ముందు బహుమతి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. అసలు బుకర్ బహుమతి 1969లో మొదలయింది. పెట్టినది గయానా చెరకు తోటలమీద పెరిగిన బుకర్ మెక్కానెల్ కంపెనీ. ఆ దేశపు తోటలకు మద్రాసు రేవులో ఓడలెక్కిన కూలీలలో తెలుగువాళ్ళూ వున్నారు. 1972లో బహుమతి గెలిచిన జాన్ బెర్జర్ ఈ చరిత్రను ఆ సభలోనే ఎత్తిచూపి, సొమ్ములో సగం బ్రిటిష్ బ్లాక్ పాంథర్లకు ఇచ్చాడు. ఈనాడు బహుమతి వెనుక ఆ కంపెనీ లేదు. అనువాదాలకిచ్చే అంతర్జాతీయ బహుమతిలో 50,000 పౌన్లు రచయితకూ అనువాదకులకూ చెరిసగం. అనువాదకుడి పేరును లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సరిపెట్టే మన ప్రచురణకర్తలు దీన్ని గమనిస్తే బాగుండును. అయితే పుస్తకం బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో అచ్చయి వుండాలన్న నిబంధన వుంది. తెలుగు కథ ఇంగ్లీషులోకి వెళ్ళి ఢిల్లీలో అచ్చయితే చాలదు. ప్రపంచ సాహిత్యమనే ఇంటికి తలుపు ఒక్క వీధివైపే తెరిచి వుందన్నమాట.

ఇక పుస్తకాలు. ఇటలీ రచయిత విన్సెంజో లాత్రోనికో నవల ‘పర్‌ఫెక్షన్’ నన్ను మొదట లోబరుచుకుంది. బెర్లిన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించుకునే అన్నా, టామ్ అనే జంట కథ. వాళ్ళ గదిలోని మొక్కలూ, కుర్చీలూ, దీపాలూ వాళ్ళకంటే ఎక్కువగా బతుకుతాయి. 1965లో జార్జ్ పెరెక్ రాసిన ‘థింగ్స్’ను ఎదురుగా పెట్టుకుని రాసిన నవల. మధ్యతరగతి శూన్యాన్ని ఇంత చల్లగా, ఒక్క మాటైనా గట్టిగా అనకుండా విప్పినందుకు మెచ్చుకున్నాను. నా నోటుపుస్తకంలో దానికి మొదటి స్థానం ఇచ్చాను.

ఫ్రెంచి నవల ‘స్మాల్ బోట్’ అంత సుఖంగా చదవనియ్యదు. 2021 నవంబరులో ఇంగ్లీషు చానల్‌లో వలస జనంతో మునిగిపోయిన పడవ దానికి ఆధారం. కనీసం 27 మంది చనిపోయారు. సహాయానికై వచ్చిన పిలుపులు అందుకున్న ఉద్యోగినిని విచారిస్తుంటే, ఆమె తప్పొప్పుకోదు. వాళ్ళు మునగటం ఈ రాత్రే మొదలయిందా అని ఎదురడుగుతుంది. విన్సెంట్ దెలక్రవా ఈ ప్రశ్నను పాఠకుడి మెడకు చుడతాడు. నా ఫిర్యాదు ఒకటే: మునిగినవాళ్ళకు పుస్తకంలో ఒక భాగం దక్కింది గాని, వాదించే అధికారం మాత్రం ఒడ్డున వున్నామెకే దక్కింది.

ఒకే నవంబరు 18వ తేదీలో చిక్కుకుపోయిన స్త్రీని గురించిన సోల్వై బాలె నవలా, మానవజాతి అంతరించబోయే కాలాన్ని ఊహించిన హిరోమి కవకామి పుస్తకమూ, మానసిక వ్యాధితో నలిగే స్నేహితురాలి గురించి ఆన్ సెర్ రాసిన చిన్న నవలా గౌరవంతో చదివి పక్కన పెట్టాను. మూడింటిలోనూ పనితనం వుంది. నాకు వాటితో పేచీ లేదు.

పేచీ అంతా గెలిచిన పుస్తకంతోనే వచ్చింది. బానూ ముష్తాక్ కన్నడ కథలు ‘హార్ట్ ల్యాంప్’. దీపా భాస్తి అనువాదం. 1990కీ 2023కీ మధ్య రాసిన పన్నెండు కథలు. రచయిత్రి హాసన్‌లో వకీలు, బండాయ సాహిత్యోద్యమంలోంచి వచ్చిన మనిషి. పేరుకథలో భర్త మరో స్త్రీవెంట పోతే మెహరున్ పసిబిడ్డతో పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు పరువుకోసం ఆమెను తిరిగి దిగబెట్టి వస్తారు. రాత్రి ఆమె కిరసనాయిలు ఒంటిమీద పోసుకుంటే, పెద్దకూతురు చంటిబిడ్డతో వచ్చి కాళ్ళకు చుట్టుకుంటుంది. నేను మార్జిన్‌లో ‘నాటకీయత’ అని రాశాను. ‘ఇటువంటివి మనకు లేనివా?’ అని కూడా రాశాను.

ఆ పుస్తకాన్ని నా దగ్గర చదువుకున్న ఒక ముస్లిం అమ్మాయి పట్టుకుపోయింది. వారం తరువాత తిరిగి తెచ్చి, నా రాతలమీద వేలుపెట్టి, “సార్, ఆ బెర్లిన్ వాళ్ళింట్లో గోడలు మందం. మా ఇంట్లో గట్టిగా అరిస్తే తప్ప పక్కగదిలో ఎవరూ లేవరు” అన్నది. నేను దాటేసిన దఖ్ఖనీ ఉర్దూ మాటల దగ్గర ఆమె ఆగి ఆగి చదివిందట. అవి వాళ్ళ అమ్మమ్మ మాటలు. అనువాదకురాలు ఆ మాటలను వాలు అక్షరాల్లో వేరుపెట్టకుండా, పరాయివని చూపకుండా వుంచింది. అందువల్లనే నేను దాటేశాను, అందువల్లనే ఆమె ఆగింది.

మళ్ళీ చదివాను. నేను మెచ్చిన ఆ చల్లదనం శిల్పం ఒక్కటే కాదు, అదొక ఆస్తి కూడా. ‘రెడ్ లుంగీ’ కథలో బీదపిల్లలకు మసీదులో సామూహికంగా సున్తీ చేసి పుండుమీద బూడిద చల్లుతారు, ఇంటి యజమానుల పిల్లవాడికి డాక్టరు చేస్తాడు. పుండు చీము పట్టేది డాక్టరు చేసిన పిల్లవాడికి. రచయిత్రి ఇక్కడ బీదరికాన్ని దీవించటం లేదు, నవ్వుతున్నది. నవ్వును నేను మొదటిసారి వినలేదు. కొన్ని కథల ముగింపులు ఇప్పటికీ నాకు బిగ్గరగానే వున్నాయి. ఆ అభిప్రాయాన్ని బహుమతి వచ్చిందని మార్చుకోను. ‘నాటకీయత’ అన్న మాటను మాత్రం కొట్టేశాను.

‘మనకు లేనివా’ అన్న రెండో మాటకే ఎక్కువ సిగ్గుపడ్డాను. మాది హిందూపురం. సంతలో సగం బేరాలు కన్నడంలోనే నడుస్తాయి. ఆ లిపి మన లిపికి తోబుట్టువు. ఇంత దగ్గర్లో ముప్ఫయ్యేళ్ళకు పైగా రాస్తున్న ఒక రచయిత్రిని, 2000లో సొంత సమాజం వెలివేసినా కలం దించని మనిషిని, లండన్ చాటింపు వేశాకగాని నేను చదవలేదు. తలుపు ఒక్క వీధివైపే వుందని పైన నిష్ఠూరమాడాను గదా, నా ఇంటి పెరటి తలుపుకు గొళ్ళెం పెట్టుకున్నది నేనే.

బెంగుళూరునుంచి ఆమె కన్నడ కథల సంపుటి ఒకటి తెప్పించాను. రోజుకు ఒక పేజీ, వేలితో కూడబలుక్కుంటూ సాగుతున్నది. ఆదివారాలు ఆ అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. ఉర్దూ మాటలు నేను తప్పు పలికినప్పుడల్లా నవ్వి సరిచేస్తుంది.