చేతిలో వున్నప్పుడు

‘‘దేవుడే చూసుకుంటాడు’’ అనే మాట మా సీమలో రెండు రకాలవాళ్ళ నోట వినిపిస్తుంది. విత్తనం చల్లి ఆకాశంకేసి చూసే రైతు వొకడు. విత్తనమే చల్లకుండా అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి యింకొకడు. సువార్త పనిలో వున్నవాళ్ళు యీ మాటను రోజుకు పదిసార్లు వాడతారు గనుక, వారిలో ఎవరు ఏ రకమో పోల్చుకోవడం మరీ కష్టం.

మా నాయన కోవెలకుంట్ల తాలూకా పల్లెల్లో ఉపదేశి. అది నల్లరేగడి నేల. వాన పడితే కాలు పెట్టలేము, పడకపోతే కాలు దిగబడేంత నెర్రెలు. జీతం చిన్నది, అదైనా యిచ్చేవాళ్ళకు గుర్తొచ్చినప్పుడే వచ్చేది. నాయన ఎవరినీ అడిగేవాడు కాడు. మనిషిని అడిగితే దేవుడిమీద నమ్మకం లేనట్టేనని ఆయన లెక్క. అమ్మ లెక్క వేరు. ‘‘మీ నాయన మోకాళ్ళమీద అడుగుతాడు, నేను చేట పట్టుకొని రెడ్డమ్మను అడుగుతాను. యిద్దరికీ జవాబు యీ చేటలోనే వస్తుంది’’ అనేది.

నిజమే. రెడ్డమ్మగారి పాతరలోంచి వచ్చిన జొన్నలే మా పొయ్యిమీద సంగటి అయ్యేవి. ఆ గడపముందు అమ్మ ఎంతసేపు నిలబడిందో నాయనకు తెలియదు. సేవకుల జీవితచరిత్రలు రాసేవాళ్ళు కెరీతు వాగు దగ్గర ఏలీయాకు కాకులు ఆహారం తెచ్చిన సంగతి జ్ఞాపకం చేస్తారుగాని, యీ చేట సంగతి ఎక్కడా రాయరు. ఒకరి విశ్వాసానికి కూలి యింకొకరు మోసిన యిళ్ళు మా సీమలో చాలా వున్నాయి.

నాయనను తక్కువ చెయ్యడానికి చెప్పడం లేదు సుమా. ఆయన నమ్మకం కల్లాకపటం లేనిది. కాని చేతిలో ఏమీ లేనివాడికి దేవుణ్ణి నమ్ముకోవడం తప్ప వేరే దారేముంది? చేతినిండా వున్నవాడు నమ్ముకోవడమే నాకు వింతగా తోస్తుంది. అలాటివాడొకడు నల్లమలకు ఆవలివైపున, ఒంగోలులో వుండేవాడు. ఆయన పొలిమేర మా జిల్లాదాకా వచ్చింది కూడా. కంభం, మార్కాపురం 1970లో ఒంగోలు జిల్లాలో కలిసేవరకు కర్నూలు జిల్లావే గదా!

ఆయన అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1865లో మనదేశం వచ్చాడు. అంతకుముందు అక్కడ భూములు సర్వే చేసినవాడు. గొలుసు పట్టి నేల కొలవడం తెలుసు, కూలీలచేత పని చేయించడం తెలుసు. 1876లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఆ దెబ్బకు మాడిపోయాయి. మా అవ్వలు తిట్టేటప్పుడు కూడా ఆ కరువు పేరే ఎత్తేవాళ్ళు. క్లౌ దొర ప్రార్థన చేసి వూరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆయన దగ్గరి తెలుగు బోధకులే మేస్త్రీలై, పని ఆగినప్పుడు కూలీలమధ్య కూర్చుని దేవుడి మాటలు చెప్పేవారు.

విన్నవాళ్ళు బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. అసలు చిక్కు యిక్కడే వచ్చింది. కూలిడబ్బు చేతిలో వుంది, జనం ఎదురుగా వున్నారు. ఏ మిషనరీ అయినా సంతోషంగా ఆ లెక్క రాసి స్వదేశానికి పంపేవాడే. క్లౌ వొప్పుకోలేదు. సాయం నడుస్తున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం లేదన్నాడు. పదిహేను నెలలు అలాగే ఆపాడు. కరువు తగ్గి, యిక తనవద్ద డబ్బులేదని చెప్పిన తరువాత కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు క్లౌ స్వయంగా ఒక్కరికీ యివ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, యిద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి యిచ్చారు.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కడుపు నిండడమే కాదు, మనిషిగా పిలిపించుకోవడం కూడా వాళ్ళు కోరుకొని వుంటారు. అది తప్పని నేననను. నన్ను పట్టుకున్నది ఆ పదిహేను నెలలు. కాలువకు తన తెలివి పూర్తిగా వాడినవాడు, ఆ తెలివి కొనిపెట్టిన జనాన్ని మాత్రం తన పంటగా కోసుకోలేదు.

నాయనకు గిద్యోను కథ మహా యిష్టం. ముప్పైరెండువేల సైన్యాన్ని దేవుడు పదివేలకు, ఆ పదివేలను మూడువందలకు తగ్గించిన వైనం చెబుతూంటే ఆయన గొంతు లేచేది. ‘‘మన సంఘంలో వుండేదే యాభైమంది. తగ్గించేందుకు దేవుడికి ఏం మిగిల్చావు?’’ అని అమ్మ వంటింట్లోంచి అనేది. నాయన నవ్వేవాడు.

యిప్పుడు రోజులు మారాయి. మా మేనల్లుడు ప్రొద్దుటూరు దగ్గర పాస్టరు. మంచివాడు, కష్టపడతాడు. కూటాలు పెడితే మైకులు, దీపాలు, ఫోనులో చూసే వేలమంది. వూరి మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో క్రీస్తు పేరుకంటే వాడి మొహమే పెద్దది. మొన్న వొక కూటంలో వాన మొదలై కరెంటు పోయింది. మా సీమలో వానను ఎవరూ తిట్టరు గనుక జనం కదల్లేదు. వాడు నిలబడ్డాడుగాని మాట రాలేదు. ముందువరసలో వొక ముసలమ్మ లేచి, వానకు వందనాలు చెప్పి, తన మేకలకోసం, చెరువుకోసం, తరువాత ‘‘యీ పిల్లోడికోసం’’ అని వాడికోసం ప్రార్థించింది. కరెంటు వచ్చాక కూడా వాడు మైకు ముట్టుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడికి క్లౌ దొర సంగతి చెప్పాను.

‘‘పదిహేను నెలలా, మామా?’’ అన్నాడు వాడు. చెయ్యి కడుక్కోవడం మరిచి, వచ్చే ఏడాది కూటాలు ఎన్ని వొప్పుకున్నాడో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ అలాగే కూర్చున్నాడు.