వైరస్ గుట్టంతా ఫోన్ తెరమీదే!

ఇన్నాళ్లూ ఈ సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదండీ! కరోనా వైరస్ జన్యుక్రమం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎవరైనా చూడొచ్చట. అమెరికా ప్రభుత్వం నడిపే జెన్‌బ్యాంక్‌లో ఉంది. పైసా కట్టక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. తెరిచాను. ఏ, టీ, టీ, ఏ, ఏ, ఏ... నాలుగే నాలుగు అక్షరాలు మారి మారి వస్తూ మొత్తం 29,903. లోకమంతటినీ ఇంట్లో కూర్చోబెట్టింది ఇంతేనా! వూహాన్ రోగి నమూనా నుంచి ఝాంగ్ యాంగ్‌ఝెన్ బృందం చదివిన క్రమమిది. 2020 జనవరిలోనే అందరికీ అందుబాటులో పెట్టారు.

అక్కడే బ్లాస్ట్ అని ఇంకో అద్భుతం. 1990 నుంచీ ఉందట! ఏ జన్యుక్రమం ముక్కనైనా పేస్ట్ చేసి బటన్ నొక్కితే చాలు, డేటాబేస్ అంతా గాలించి పోలికలున్నవాటిని శాతాలతో సహా చూపిస్తుంది. అలా పోల్చితే, యున్నాన్ గబ్బిలంలో దొరికిన ఆర్‌ఏటీజీ13 అనే వైరస్ మన కరోనాతో 96 శాతం కలుస్తుంది!

ఇక నెక్స్ట్‌స్ట్రెయిన్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. ట్రెవర్ బెడ్‌ఫర్డ్, రిచర్డ్ నేహర్ మొదలుపెట్టిన సైట్ ఇది. వైరస్‌ల వంశవృక్షం తెరమీద కొమ్మలు విప్పుతుంది. ఒక్కో చుక్క ఒక్కో నమూనా. ప్లే నొక్కితే వైరస్ దేశాలు దాటిన తీరు పటం మీద కదులుతుంది. స్పైక్ ప్రొటీన్‌లో 614వ స్థానాన్ని బట్టి రంగులు వేయమన్నాను. జన్యుక్రమంలో 23,403వ చోట ఏ కాస్తా జీ అయితే ఆ స్థానం మారిపోతుంది. ఆ ఒక్క అక్షరం మారిన రకమే 2020లో నెలల వ్యవధిలో ప్రపంచమంతా నిండిపోయింది. చెట్టు రంగు మారిపోవడం కళ్లారా చూశాను!

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది సెర్రాటస్ అనే ప్రాజెక్టు. ఎవరెవరో ఏవేవో పరిశోధనలకు చదివించి దాచిన 57 లక్షల నమూనాల డేటాను క్లౌడ్ కంప్యూటర్లతో జల్లెడ పట్టారు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తమ ప్రతులు తీసుకోవడానికి వాడే ఎంజైమ్ ఆనవాలు ఎక్కడుందని వెతికారు. లక్షా ముప్పై వేలకు పైగా కొత్త వైరస్‌లు బయటపడ్డాయి! ఈ పరిశోధన 2022లో నేచర్ పత్రికలో వచ్చింది. కొత్తగా ఒక్క నమూనా కూడా సేకరించలేదు. పాత డేటాను తాళం వేయకుండా ఉంచినందుకే ఇదంతా సాధ్యమైంది.

ఇంట్లో బయాలజీ చదివే పిల్లలుంటే ఈ ఆదివారమే జెన్‌బ్యాంక్ తెరిపించి, ఎన్‌సీ_045512 అని వెతికించండి. పక్కన మీరూ కూర్చోండి.