నమ్మకస్తుడైన కుర్రవాడు కావలెను

జంగారెడ్డిగూడెము బస్టాండు చెంత కరెంటు స్తంభమునకు మైదాజిగురుతో అంటించిన కాగితమొకటి మొన్న నన్ను నిలువబెట్టినది. “నమ్మకస్తుడు, నిజాయితీపరుడు, చెడు అలవాట్లు లేనివాడు అగు కుర్రవాడు కావలెను, భోజనము, వసతి గలవు” అని అందు వ్రాసియుండెను గాని, జీతమెంతయో వ్రాసియుండలేదు. ఇన్ని సుగుణములు మూర్తీభవించినవాడు బస్సు దిగి నేరుగా తన దుకాణపు మెట్లెక్కునని యజమాని విశ్వాసము కాబోలు. ధర్మరాజంతటివాడు విరాటుని కొలువున చేరబోవుచు కంకుభట్టునని మారుపేరు చెప్పికొనక తప్పలేదు. సత్యసంధుని ఉద్యోగము ఉద్యోగపర్వమునకు ముందే, అసత్యముతో ఆరంభమైనది.

ఇట్టి ప్రకటనలను చాలకాలముగా చదువుచున్న నాకు తోచినదేమనగా, జీతము తగ్గినకొలది గుణములు పెరుగుచుండును. మేనేజరును కోరువారు డిగ్రీని, అనుభవమును అడుగుదురు. వాచ్‌మన్‌ను, వంటమనిషిని, గల్లాపెట్టె దగ్గర కూర్చుండువానిని కోరువారు శీలమును అడుగుదురు. అడుగుట సులభమే, తెలిసికొనుట యెట్లు? మా మెట్టప్రాంతమున “ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు?” అనునదే ప్రథమ పరీక్ష. తండ్రి పేరు, మేనమామ ఊరు, తెలిసిన పెద్దమనిషి మాటసాయము కుదిరినచో శీలము కుదిరినట్లే. మరికొందరు గది ఊడ్వుమని చెప్పి, బల్లక్రింద పదిరూపాయల నోటొకటి జారవిడిచి, తలుపు చాటున నిలుతురు.

ఆ నోటు కౌటిల్యుడెరుగనిది కాదు. అర్థశాస్త్రము మొదటి అధికరణమున, అమాత్యులను ధర్మార్థకామభయములను నాలుగు ఉపధలతో, అనగా మాటుగా ఒడ్డిన ప్రలోభములతో, శోధింపుమని చెప్పి, అంతటితో నాగక, అర్థమునకు లొంగనివానిని బొక్కసమునకును, ధర్మోపధలో నెగ్గినవానిని న్యాయవిచారణకును, భయమునకు జంకనివానిని రాజునకు దగ్గరి పనులకును, నాలుగింటను నిలిచినవానిని మంత్రిపదవికిని నియమించి, అన్నింటను ఓడినవారిని గనులకు, ఏనుగుల అడవులకు పంపుమనెను. ఓడినవానికి సైతము ఒక పని చూపినాడు మహానుభావుడు! పరీక్షపేరిట చెడనివానిని చెరుపవద్దని హెచ్చరించినవాడును అతడే.

ఢిల్లీవారిది వేరొక త్రోవ. 2013 నుండి సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో నీతికి ప్రత్యేకముగా ఒక పేపరు, దానికి 250 మార్కులు. కోచింగు కేంద్రములవారు నీతికిని నోట్సు అమ్ముచున్నారు. ఇక యజమానుల నీతికి మార్కులు వేయువారెవరు? మా గోదావరిసీమవాడు స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు 2008లో చక్కని సంస్థాపాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారము లభించెను. 2009 జనవరి 7న, లెక్కలలోని వేలకోట్లు బూటకమని అధినేతయే లేఖ వ్రాసెను. ఉద్యోగమునకు వచ్చిన కుర్రవాడు “అయ్యా, తమ శీలమెట్టిది?” అని తిరిగి అడుగు ఆచారము మనకు లేదు గదా.

నేనును అడుగలేదు. చదువుకొనునాటి ఒక వేసవిసెలవులలో, నాన్నగారి మాటసాయముతోనే, జీడిపిక్కలు కొను కొట్టులో గుమాస్తాగా కూర్చుంటిని. “నిజాయితీగా ఉండాలి సుమా!” అని షావుకారు మొదటిదినముననే చెప్పెను; ఆ వెంటనే తరుగు సంగతియు చెప్పెను. ఖాళీ గోనె అరకేజీకి రవంత పైన తూగును. పద్దులో రెండు కేజీలు వ్రాయవలెను. బుట్టాయిగూడెమువైపునుండి ఎడ్లబండిపై వచ్చిన ముసలిరైతొకడు కాటాముల్లును గాక నా మొగమును చూచుచుండెను. నేను తలవంచి రెండు అని వ్రాసితిని. గల్లాలో మాత్రము పైసా ముట్టలేదు.

సెలవులు ముగిసిననాడు షావుకారు నా చేతిలో చొక్కాగుడ్డ పెట్టి, “మీవాడు మహా నమ్మకస్తుడండీ” అని నాన్నగారితో అనెను. గళ్ళగుడ్డ, మంచి నేత. ఆ చొక్కా చాలకాలము తొడిగితిని.