పుదుచ్చేరిలో పొడవు కుర్చీ

గడచిన వేసవి సెలవులలో మేము పుదుచ్చేరికి పోయి పది దినము లుండి వచ్చితిమి. సముద్రము చూడవలెనని పిల్లలును, పాతపుస్తకములు వెదకవలెనని మావారును బయలువెడలిరి. నా పని వేఱు. మా యత్తగారికి తగిన యాసన మొకటి కొనవలెను.

రెండేండ్లుగా ఆమెకు కాళ్లు వాచుచున్నవి. పగటివేళ గంటో రెండు గంటలో పాదములు మీదికెత్తి యుంచవలెనని వైద్యుడు చెప్పెను. చెప్పుట సులభము. పగలు మంచమెక్కుట రోగిలక్షణమని యామె తలంపు. కోడలు వంటయింట తిరుగుచుండగా తాను పండుకొనుట యామెకు గిట్టదు. వీధిసావడిలో మామగారి పడకకుర్చీ యున్నది. ఆయన పోయి పదునొకండేండ్లయినను ఆమె దానిని ప్రతిదినము తుడుచునే కాని, యొకనాడైన నందు కూర్చుండలేదు. మన యిండ్లలో పడకకుర్చీ మగవారి సొత్తు. సోదరీమణులారా, మీ యిండ్ల మాట మీరే యోచింపుడు: పట్టపగలు ఆడుది కాళ్లు చాచుకొనుటకు ఒక తావు గలదా? కావ్యములలో నాయికలు చిగురుటాకుల పాన్పుపై పగలు పరుండుట గలదు; కాని యందుకు విరహతాపము పుట్టవలెను, చెలికత్తెలు నలుగురుండవలెను. కాళ్లవాపునకు కవు లే యేర్పాటును చేయలేదు.

ఇట్టి సంకటమునకు ఫ్రెంచివా రొక యుపాయము కనుగొనిరి. షెజ్ లోంగ్ అని దాని పేరు. పొడవైన కుర్చీ యని యర్థము. తలవైపున కుర్చీవలె వీపానుకొను భాగము, ముందు కాళ్లు పూర్తిగా చాచునంత పీఠము. మంచము కాదు, కుర్చీయు కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సుదేశపు కలవారి యిండ్లలో స్త్రీలు దానిపై నొరిగి చదువుకొనుచు, వచ్చినవారితో మాటలాడుచు నుండెడివారు. దానిపై నున్నవారిని రోగి యని యెవ్వరు ననరు. నాకు కావలసిన దదియే.

యానాము పుదుచ్చేరి పాలనలోని దగుటచే, మా గౌతమీతీరమువారు కొందఱు ఉద్యోగములపై నచ్చటికి పోవుచుందురు. మా యక్కగారి కుటుంబ మట్లు పోయినదే. "ఇచ్చటి పాతసామాను అంగళ్లలో నీకు కావలసినది దొరకును, రమ్ము" అని అక్క పిలిచెను.

ఆ పట్టణమును నడుమ నొక కాలువ రెండుగా చీల్చుచున్నది. సముద్రమువైపున ఫ్రెంచివారి పాత పేట. పసుపుపచ్చని గోడలు, వానిపై కాగితపుపూల తీగలు, ఎత్తైన తలుపులు. ఈవల తమిళుల పేట. పిల్లలు కడలియొడ్డు విడువరైరి. తెలుగు చదివిన నాకు మాత్రము ముందుగా చూడదగినది ఆనందరంగ పిళ్లె గారి మేడ. ఆయన డూప్లే దొరకు దుబాసి. 1736 మొదలు ఆయన వ్రాసికొన్న దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమును ఆయన పేరనే ఆనందరంగరాట్ఛంద మనెను. చిన్ననాడు మా నాయనగారు నాకు ఛందస్సు చెప్పుచు ఆ పేరెత్తినపుడు, ఆయన యే దేశపు రాజో యనుకొంటిని! ఆ మేడ క్రింద మన తీరున కొయ్య స్తంభములు, పైన ఫ్రెంచి తీరున సున్నపు స్తంభములు. ఒకే యింట రెండు దేశములు కాపురమున్నట్లుండెను. 1761 జనవరిలో ఇంగ్లీషువారు పట్టణమును పట్టుకొని, ఆవల నేలమట్టము గావించిరి. పిళ్లెగారును ఆ నెలలోనే గతించిరి. ఆ నాశనమునకు మిగిలిన కొలది యిండ్లలో ఈ మేడ యొకటి.

ఈ సంగతి మఱునాడు అంగడిలో నాకు అక్కఱకు వచ్చినది. మొదటి యంగడివాడు లతలు, సింహపుపాదములు చెక్కిన యొక పొడవు కుర్చీని చూపి, అరవము కలిసిన తెలుగున "ఇది డూప్లే వాడినదమ్మా" యనెను. డూప్లే 1754లో స్వదేశమునకు పోయెను. ఆవల ఏడేండ్లకు ఊరే కూలినది. ఇంతటి నాజూకు వస్తువు అన్నిటిని తప్పించుకొని యీ యంగడికి వచ్చినదా యని యడుగక, "కొంచెము తిరుగవేయించుడు" అంటిని.

తిరుగవేసి చూచుటయే సగము విద్య. పైన మెఱుగు పెట్టుదురు, అడుగున నెవ్వరును పెట్టరు. నల్లని విరుగుడు కొయ్య, అనగా రోజువుడ్డు, అడుగున కూడ అదే రంగున నుండవలెను. అడుగున తెల్లగా నున్నచో ఏదో చవుకకొయ్యకు రంగు పూసిరనుట. చేతిరంపపు గీతలు తిన్నగా నుండును. విల్లువలె వంగిన గీతలు గుండ్రని యంత్రపు రంపమువి. ఇక మరమేకులు: తలపై కూడిక గుర్తువంటి గాడి గలవి 1930 తరువాతివే కాని మునుపటివి కావు. ఒకటి రెండున్న మరమ్మతు కావచ్చును. ఆ కుర్చీకి పదునాఱును అట్టివే! మావారు బడిలో పిల్లవాని లెక్క దిద్దినట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టిరి. అంగడివాడు నవ్వెనే కాని వెల మాత్రము తగ్గింపలేదు.

కొయ్యపురుగు సంగతి మఱవరాదు. సన్నని రంధ్రము లుండుట పెద్ద దోషము కాదు, పాత కొయ్యకు అవి యుండును. వస్తువును చేత తట్టినపుడు క్రొత్త తెల్లపిండి రాలినచో పురుగు ఇంకను బ్రతికియున్నదన్నమాట. అట్టిదానిని ఇంటికి తెచ్చినచో మన ద్వారబంధములకును ముప్పే. మెత్తలు కుట్టిన వానిని నేను చూడనే లేదు. సముద్రపు చెమ్మకు లోని పీచు ముక్కును, వాసన పట్టును. ఈ యెండ దేశములో పేము అల్లినదే మేలు. క్రింది నుండి గాలి యాడును. అందును చూడవలసినది గలదు. చట్రము చుట్టు రంధ్రములు చేసి ఒక్కొక్క బద్దను దూర్చి చేత నల్లినది ఒక రకము. యంత్రమున నేసిన చాపను గాడిలో నదిమి అంటించినది ఇంకొకటి. అది సడలినచో మొత్తము తీసి క్రొత్తది వేయవలెను.

రెండవ యంగడిలో నిజముగా మంచిది కనబడెను. తలవైపు ఎత్తుగా, కాళ్లవైపు పొట్టిగా, నడుమ ఒక ప్రక్కన వంపుగా దిగిన వీపుపలక. దీనిని మెరిడియెన్ అందురు. మధ్యాహ్నపు కునుకునకు ఉద్దేశించినది కనుక ఆ పేరు. రెండు ప్రక్కలును తెఱపిగా నుండి, రెండు కొనలును లేచియున్నది రికామియె. 1800లో డేవిడ్ అను చిత్రకారుడు అట్టి యాసనముపై రికామియె యను నామెను చిత్రించుటచే ఆమె పేరే దానికి నిలిచినది. ఆ చిత్రము పారిసునందలి లూవ్రులో నున్నది. నా మనసు మెరిడియెన్‌పై పడెను. విరుగుడు కొయ్య, చేతి యల్లిక, తట్టిన పిండి రాలలేదు. చీటీపాటలో వచ్చిన సొమ్ము సరిపోవును. బయలువెడలుటకు ముందు, అత్తగారు స్తంభ మానుకొని నిలిచినపుడు, ఆమె మోకాటియెత్తు నూలుపోగున ముడివేసి తెచ్చుకొంటిని. ఆ ముడియు దానికి సరిపోయెను. ఫోనులో పటము తీసి పంపితిని.

"ఎవరికే యిది?" అని అత్తగారు.

"ఇంటికి, అత్తయ్యగారూ."

కొంతసేపు మాటలేదు. పిదప, "బాగున్నది గాని అమ్మాయీ, వీపుపలక గోడవైపు పెట్టిన తల ఉత్తరమునకు వచ్చునే" యనెను.

నేను తెల్లబోతిని. మా సావడి గోడ పడమటిది, వీధి తూర్పున నున్నది. ఆ పలక కూర్చున్నవారి కుడిచేతి ప్రక్క నుండుటచే, గోడకు చేర్చినచో తల ఉత్తరమే. త్రిప్పి వేసినచో పలక వీధికి అడ్డమగును. ఈ యాసనములలో కుడివాటము, ఎడమవాటము గలవని, కొనువారు ముందు తమ గోడ నెఱిగి పోవలెనని అంతవఱకు నాకు తోచలేదు. ఇన్ని మరమేకులు లెక్కించిన మా యిద్దఱికి తోచనిది, ఊరు కదలని యామెకు తోచినది. ఎవరికో యని యడిగినామెయే తల యేవైపుండునో చూచికొన్నదని నాకు లోలోన సంతోషము కలిగెను.

మూడవ యంగడిలో, విఱిగిన తలుపుల వెనుక, ప్రక్కపలక లేని సాదా టేకుది దొరకెను. చెక్కడము లేదు. ఎటైన వేయవచ్చును. కాళ్లవైపు పేము కొంచెము సడలినది. ఎత్తు నూలుముడికి అరయంగుళము తక్కువ. వెల మెరిడియెన్‌లో మూడవవంతు. అమెరికాలోని మా చెల్లెలు తన కొకటి పంపుమనెను గాని, నూఱేండ్లు దాటిన వస్తువును మనవంటివారు దేశము దాటింపరాదని 1972 నాటి చట్టము. కనుక ఆమెకు పటము మాత్రము పంపితిని.

లారీలో పదునొకండవ నాటికి కుర్చీ చేరినది. తల దక్షిణమునకు వేసితిమి. మూడు దినములు అత్తగారు ఉతికిన బట్టలు దానిపై మడత పెట్టెను. నాలుగవనాడు అంచున కూర్చుండి బియ్యమేరెను. ఆదివారము మధ్యాహ్నము నేను వంటయింటి నుండి వచ్చునప్పటికి భాగవతము ఱొమ్ముపై బోర్లించి, కాళ్లు రెండును చాచి, వీధి చూచుచుండెను. నన్ను చూచి లేవబోయి, మరల లేవలేదు. "కాళ్లవైపు పేము జాఱుచున్నదే, ఎవరిచేతనైన బిగింపింపుము" అనెను.

మా వైపున పేము అల్లువారు అరుదైరి. కాకినాడలో నొకడున్నాడని చెప్పగా మావారు వచ్చు శనివారము పోయి చూచెదమనుచున్నారు.